గెలిచిన టికెట్‌తో ఫిర్యాదుకు వెళ్లిన మనిషి: గుర్రప్పందేలు నడిపేవారికి ఒక బహిరంగ లేఖ

గుర్రప్పందేలు నిర్వహించే సంస్థల పెద్దలకు, రేసుల తీరును విచారించే స్టీవార్డ్‌లకు, పందెం మీద పన్నులూ నిబంధనలూ రాసే అధికారులకు,

నమస్కారం.

పోయిన నెలలో నా స్నేహితుడు చనిపోయారు. మీలో కొందరికి ఆయన బాగా తెలుసు. ఆయన రాసిన ఉత్తరాలు మీ ఫైళ్లలో ఉన్నాయి. ఆయన ఆఫీసు మెట్లెక్కుతుంటే ‘మళ్లీ వచ్చాడు’ అని విసుక్కున్నవాళ్లూ మీలో ఉన్నారు. పేరు రాయవద్దని ఇంట్లోవాళ్లు కోరారు కాబట్టి రాయడం లేదు. స్టాండ్స్‌లో ఇరవై ఏళ్లకు పైగా మేమిద్దరం ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకున్నవాళ్లం. మీకు రాస్తున్న ఉత్తరం కాబట్టి ఇందులో మాత్రం ఆయన అనే అంటాను.

ముందు ఒక్క రోజు గురించి చెప్పాలి. ఆ రోజు తెలిస్తే ఆయన ఎలాంటివారో మీకు తెలుస్తుంది.

పొద్దుటి నుంచీ వాన పడి, ట్రాక్ మెత్తగా ఉంది. నాలుగో రేసుకు ముందు గుర్రాలను ప్యాడక్‌లో తిప్పుతున్నారు. మేం కంచె పక్కనే నిలబడి ఉన్నాం. ఒక గుర్రానికి బ్లింకర్లు తొడిగి ఉన్నాయి. పక్క చూపు చూడకుండా పరిగెత్తాలని కళ్లకు తొడిగే గంతలవి. రేస్ బుక్‌లో ఆ గుర్రానికి బ్లింకర్లు లేవు. అంతకు ముందు పరుగుల్లోనూ ఎప్పుడూ లేవు. పక్కకు లాగే గుర్రానికి మొదటిసారి బ్లింకర్లు కడితే ఒక్కోసారి దాని పరుగే మారిపోతుందని ఆట తెలిసిన ప్రతివాడికీ తెలుసు. మైకులో చెబుతారేమో అని ఆయన చెవులు రిక్కించి విన్నారు. చెప్పలేదు. బోర్డు మీద వేస్తారేమో అని చూశారు. వేయలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి ఆ గుర్రం మీద విన్ టికెట్, అంటే అదే మొదట వస్తుందనే పందెం, కొన్నారు. అది రెండు లెంగ్త్‌ల, అంటే రెండు గుర్రాల పొడవంత, తేడాతో గెలిచింది.

డబ్బు తీసుకోవడానికి వెళ్తారనుకున్నాను. ఆయన టికెట్‌ని వేళ్ల మధ్య అలాగే పట్టుకుని సరాసరి ఆఫీసుకు వెళ్లారు. కుర్చీలో ఉన్నాయన తల కూడా ఎత్తకుండా, ‘‘ఓడిపోయిన ప్రతివాళ్లూ ఇక్కడికే వస్తారండీ’’ అన్నాడు. నా స్నేహితుడు టికెట్‌ని బల్ల మీద పెట్టారు. ‘‘ఓడిపోలేదు సార్, గెలిచాను. కంచె దగ్గర ఉన్నాను కాబట్టి గంతలు చూశాను. పైన కూర్చున్న పెద్దాయన మోకాళ్ల నొప్పులతో కిందికి దిగలేదు, ఆయనకి తెలియలేదు. ఇప్పుడు నేను పట్టుకెళ్లేది ఆయన డబ్బే. అందుకే ఫిర్యాదు రాసుకోండి’’ అన్నారు.

టికెట్‌కి జిరాక్స్ తీయించి, ఫిర్యాదుకి పిన్ను కొట్టి ఇచ్చాకే వెళ్లి డబ్బు తీసుకున్నారు. ఆ ఫిర్యాదుకి జవాబు రాలేదు.

పంటర్ల కోసం, అంటే పందెం కాసేవాళ్ల కోసం, ఆయన చేసిన పోరాటమంతా బల్ల మీద పెట్టిన ఆ టికెట్‌లో ఉందని నా నమ్మకం. టోట్ అనే ఉమ్మడి పందెంలో ఆడేటప్పుడు మనం సంస్థ మీద ఆడటం లేదు, ఒకరి మీద ఒకరం ఆడుతున్నాం అని ఆయన ఎప్పుడూ అనేవారు. అందరి డబ్బూ ఒక పూల్‌లో పడుతుంది, నిర్వాహకులు తమ వాటా తీసుకుంటారు, మిగిలింది గెలిచినవాళ్లు పంచుకుంటారు. 1860ల్లో పారిస్‌లో జోసెఫ్ ఒల్లెర్ ఈ పద్ధతి మొదలుపెట్టింది, బుకీ చెప్పిన రేటుకి తలవంచకుండా జనమే తమ పందేలతో రేటు తేల్చుకోవాలని. అంటే ఈ పద్ధతి పుట్టిందే న్యాయం కోసం. పూల్ డబ్బు పంటర్లది. మీరు దానికి కాపలాదారులు. కాపలా కాసినందుకు మీకు కూలి ముట్టాల్సిందే, అందులో ఆయనకి పేచీ లేదు. ట్రాక్ నిర్వహణ, ప్రైజ్ మనీ, గుర్రాల పోషణ, సిబ్బంది జీతాలు ఎక్కడి నుంచి వస్తాయో ఆయనకి మీ అంత బాగా తెలుసు.

ఇంకో సంగతి ఆయనకి చాలా ఇష్టం. టోట్ లెక్కలు చేసే మొదటి పెద్ద ఆటోమేటిక్ యంత్రాన్ని 1913లో న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ దగ్గర ఎల్లర్‌స్లీ రేస్‌కోర్సులో పెట్టారు. దాన్ని తయారుచేసిన జార్జ్ జూలియస్ అనే ఇంజినీరు మొదట కనిపెట్టింది ఓట్లు లెక్కించే యంత్రాన్ని. ప్రభుత్వం వద్దంది. దాన్నే మార్చి పందేలకు వాడుకున్నారు. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆయన, ‘‘చూడు, అది ఓట్ల మిషనురా. ఒక్క ఓటు అటూ ఇటూ అయితే ఊరుకుంటామా?’’ అనేవారు.

ఇక కోత సంగతి, అంటే పూల్ నుంచి నిర్వాహకులు తీసుకునే ఆ వాటా. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే ఆయన జీవితంలో ఎక్కువ కాలం ఈ లెక్క చెప్పడానికే పోయింది. పక్క సీట్లో ఎవరు కూర్చున్నా, రేస్ బుక్ వెనక అట్ట మీద పెన్సిల్‌తో వేసి చూపించేవారు.

పూల్‌లో నూరు పడ్డాయి అనుకుందాం. కోత పదిహేడు. మిగిలింది ఎనభై మూడు. గెలిచిన గుర్రం ఫేవరెట్, అంటే అన్నిటికంటే ఎక్కువ డబ్బు పడిన గుర్రం. దాని మీద పడినవి అరవై. ఎనభై మూడుని అరవైతో భాగిస్తే ఒకటికి ఒకటిన్నర లోపే, కచ్చితంగా చెప్పాలంటే 1.383 రావాలి. చాలా చోట్ల పదో వంతుకి తగ్గించి, అంటే 1.30గా చెల్లిస్తారు. ‘చిల్లర సర్దుబాటు’ అంటారు. ఈ చిల్లర విలువ ఎంత? అరవై మందికీ కలిపి ఐదు. నూరులో పదిహేడు కోత అని చెప్పి, ఆ రేసులో తీసుకున్నది ఇరవై రెండు. గెలిచినవాడి వైపు నుంచి చూస్తే ఇంకా ఘోరం. వాడి లాభం 0.383 కావాల్సింది 0.30 అయింది, లాభంలో ఐదో వంతుకు పైగా చిల్లర పేరుతో పోయింది. లెక్క పూర్తయ్యాక పెన్సిల్‌ని చెవి మీద పెట్టుకుని అవతలి మనిషి ముఖం చూసేవారు. ఏమీ అనేవారు కాదు.

చేత్తో నాణేలు లెక్కపెట్టే రోజుల్లో ఈ సర్దుబాటుకి అర్థం ఉండేది, క్యూ త్వరగా కదలాలి కదా. కంప్యూటర్ చెల్లించే కాలంలో ఇది ఎందుకని ఆయన ప్రతి ఉత్తరంలోనూ అడిగారు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం 2022లో చట్టం మార్చి, పదో వంతుకి కాకుండా సెంటు వరకూ చెల్లించాలని చెప్పింది. ఆ వార్త చదివిన రోజు ఆయన నాకు రాత్రి పదకొండు గంటలకి ఫోన్ చేశారు. వేల మైళ్ల దూరంలో ఎవరికో వచ్చే సెంట్ల కోసం అంత సంబరపడిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

కోత ఎంత ఉండాలన్నది వేరే ప్రశ్న. దీని మీద మీకూ ఆయనకీ ఎప్పుడూ కుదరలేదు. రాబడి తగ్గితే శాతం పెంచడం మీ అలవాటు. ఆయన చెప్పింది ఇది: పంటర్ నూరుతో వచ్చి, గెలిచింది మళ్లీ ఆడతాడు. సగటున చూస్తే పదిహేడు శాతం కోతకి నాలుగు రేసులు తిరిగేసరికి ఆ నూరులో నలభై ఏడు మిగులుతాయి. కోత పన్నెండు అయితే అరవై మిగులుతాయి. ఇరవై ఐదు అయితే ముప్పై రెండు కూడా ఉండవు. జేబు ఖాళీ అయినవాడు ఐదో రేసు ఆడడు, వచ్చే వారం రాడు. శాతం పెంచితే మీకు మొదటి రేసులో ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది, ఆ తర్వాత స్టాండ్సే పల్చబడతాయి.

హాంకాంగ్ గురించి ఆయన ఎన్నిసార్లు రాశారో మీకే తెలుసు. అక్కడ పందేల మొత్తం ఏళ్ల తరబడి పడిపోతూ వచ్చింది. 2006లో పన్ను విధానం మార్చారు. పందెం మొత్తం మీద వేసే పన్నుని తీసేసి, చెల్లింపులు పోను మిగిలిన దాని మీద పన్ను వేశారు. పెద్ద పందేలు ఓడిపోయినవాళ్లకి పది శాతం వెనక్కి ఇవ్వడానికి దాంతో వీలు కలిగింది. ఆ తర్వాత పందేల మొత్తం మళ్లీ పైకి లేచి, 2013-14 సీజన్‌లో పది వేల కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయి, ఆయన అవి కూడా ఒప్పుకునేవారు. కానీ దిక్కు మారింది పన్ను మారాకే. భారతదేశం సరిగ్గా దీనికి ఎదురు దారిలో నడిచింది. గుర్రప్పందెం కేవలం అదృష్టం కాదు, నైపుణ్యం ఉన్న ఆట అని అక్కడి సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. అయినా పందెం పూర్తి విలువ మీద జీఎస్టీ పడుతోంది, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం. ఇంత భారం మోసి గెలవగలిగే నైపుణ్యం ఎవరికుంటుంది? చట్టం లోపల ఆడేవాడు మునిగిపోతే, పన్నూ రసీదూ లేని దొంగ బుకీ దగ్గరికి వెళ్తాడు. అక్కడ గుర్రానికీ రక్షణ లేదు, మనిషికీ లేదు, ప్రభుత్వానికీ పైసా రాదు.

ఇప్పుడు ఆయన నోట్‌బుక్ గురించి. ఆకుపచ్చ అట్ట, పక్కన దారంతో కట్టిన చిన్న పెన్సిల్. ప్రతి పేజీలో రెండు గడులు. మొదటి గడిలో చివరి గుర్రం పరుగు మొదలయ్యే గేటులోకి వెళ్లినప్పుడు బోర్డు మీద ఉన్న ఆడ్స్, అంటే గెలిస్తే ఒకటికి ఎంత వస్తుందన్న రేటు. రెండో గడిలో చివరికి చెల్లించిన ఆడ్స్. ఇంతే. ఏడేళ్లు ఇలా రాశారు. నాలుగుకి ఒకటి అని చూసి టికెట్ కొంటాం, గుర్రాలు మలుపు తిరుగుతుండగా బోర్డు మీద అది రెండున్నర అవుతుంది. గెలిచి కూడా మోసపోయినట్టు ఉంటుంది. మొదట్లో ఆయన, గేటు తెరిచాక కూడా ఎవరో పందేలు వేస్తున్నారని అనుమానపడ్డారు. మీకూ అలాగే రాశారు. తర్వాత తన లెక్కలు తనే చూసుకుని, చివర్లో ఆడ్స్ పడిపోయిన గుర్రాలు చాలాసార్లు ఓడిపోయాయని కూడా గమనించారు. రేసు చూస్తూ ఆడేవాడైతే అన్నిసార్లు ఓడడు కదా. నోట్‌బుక్‌లో ఒక పేజీ పైన ‘నా అనుమానం తప్పు కావచ్చు’ అని రాసి కింద గీత గీశారు. మీకు ఇంకో ఉత్తరం రాసి మొదటి ఆరోపణ వెనక్కి తీసుకున్నారు. మీ దగ్గర తన తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాసిన పంటర్ ఇంకెవరైనా ఉన్నారా?

అసలు కారణం వేరే అని ఆయనకి తర్వాత అర్థమైంది. పెద్ద పెట్టుబడితో, కంప్యూటర్ ప్రోగ్రాంలతో ఆడే గ్రూపులు పూల్‌లోకి నేరుగా కనెక్షన్ పెట్టుకుని, ఆఖరి సెకన్లలో వేల పందేలు ఒకేసారి పంపిస్తాయి. ఎక్కువ ఆడతారు కాబట్టి వాళ్లకి రిబేటు, అంటే ఆడిన దాంట్లో కొంత వెనక్కి, కూడా దొరుకుతుంది. అంటే పక్క కిటికీలో టికెట్ కొన్న పెద్దాయన కట్టే కోత వేరు, వాళ్లు కట్టేది వేరు. ఒకే పూల్, రెండు ధరలు. తెలివితో గెలిచేవాళ్ల మీద ఆయనకి కోపం లేదు, లెక్కలు వేసుకుని ఆడటం ఆయనకీ ఇష్టమే. ఆయన బాధ ఒక్కటే. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పకపోవడం. న్యూయార్క్‌లో 2021లో, రేసుకి రెండు నిమిషాల ముందే విన్ పూల్‌ని ఇలాంటి గ్రూపులకి మూసేయాలని నిర్ణయించారు. అంటే మనసుంటే చేయవచ్చు, టెక్నాలజీ అడ్డం కాదు.

గేటు తెరిచాక పందేలు మారవని మీరు చెప్పే మాటని నమ్మమంటారు. నమ్ముతాం, కానీ చూపించండి అనేవారు ఆయన. అమెరికాలో జరిగిన 2002 బ్రీడర్స్ కప్ రేసులను ఆయన ఎన్నడూ మర్చిపోలేదు. ఆరు రేసుల విజేతలను ముందే చెప్పే పిక్ సిక్స్ పందెంలో, వేరే చోట్ల కొన్న టికెట్ల వివరాలు నాలుగు రేసులు అయిపోయాక గానీ అసలు పూల్‌కి చేరేవి కావు. టోట్ కంప్యూటర్లు నడిపే కంపెనీలో పనిచేసే ఒక ప్రోగ్రామర్ ఆ సందులో దూరి, స్నేహితుడి టికెట్లలో గెలిచిన గుర్రాల పేర్లు చేర్చాడు. చివరి రెండు రేసులకి అన్ని గుర్రాలూ వేసి పెట్టాడు. ఆఖరి రేసులో వోల్పోని అనే గుర్రం 43కి 1 ఆడ్స్‌తో గెలవడంతో, గెలిచిన టికెట్లు ఆ ఆరు మాత్రమే మిగిలాయి. ఆరు టికెట్లూ ఒకేలా ఉండటం చూసి అనుమానం వచ్చింది. లేకపోతే ముప్పై లక్షల డాలర్ల పైచిలుకు వాళ్ల జేబులోకి వెళ్లిపోయేది. ఫేవరెట్ గెలిచి ఉంటే ఏమయ్యేదో చెప్పమని ఆయన అడిగేవారు. గుంపులో కలిసిపోయేవాళ్లు, ఎవరూ కనిపెట్టేవాళ్లు కాదు. ఆ మోసం బయటపడింది ఒక గుర్రం పుణ్యాన. అది మీ తనిఖీ గొప్పతనం కాదు అని కటువుగానే రాశారు. ఆ ఉత్తరం నేను చదివి, కాస్త మెత్తగా రాయమన్నాను. వినలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనే కరెక్టు.

ఫిక్స్‌డ్ ఆడ్స్, అంటే పందెం వేసినప్పటి రేటే చివరిదాకా, ఇచ్చే బుకీలు, కంపెనీలు గెలిచేవాళ్ల పందెం పరిమితిని పైసల్లోకి తగ్గించడం ఇంకొక అన్యాయం. ఓడినంత కాలం రారమ్మంటారు, నాలుగుసార్లు గెలిస్తే అకౌంట్ బిగిస్తారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 2014లో దీనికి అడ్డుకట్ట వేసింది, నిర్ణీత మొత్తం మేరకు పందెం తీసుకోక తప్పదని నిబంధన పెట్టింది. దీని గురించి ఆయన ఎక్కువ రాయలేదు, తనకి ఎప్పుడూ అలా జరగలేదు కాబట్టి. తనకి జరగని దాని గురించి మాట్లాడాలంటే జరిగినవాళ్లని నలుగురిని కూర్చోబెట్టుకుని వినాలి అనేవారు. అంతలోనే జబ్బు పడ్డారు.

పందెం పిచ్చిని పెంచే మనిషి అని ఆయన గురించి ఎవరైనా అనుకుంటే వాళ్లకి ఒక మాట. ఒకసారి చివరి రేసుకి ముందు ఒక కుర్రాడు కిటికీ దగ్గర ఫోన్‌లో ఎవరినో అప్పు అడుగుతున్నాడు, చెయ్యి వణుకుతోంది. ఈయన వెళ్లి భుజం మీద చెయ్యి వేసి, ‘‘బాబూ, ఈ రేసు నాతో కూర్చుని ఊరికే చూడు’’ అన్నారు. పక్కన కూర్చోబెట్టుకుని గుర్రాల నడక, జాకీ కూర్చునే తీరు, మలుపులో ఎవరు బయటికి పోతారో చెబుతూ రేసంతా చూపించారు. తర్వాత గేటు దాకా తోడు వెళ్లి పంపించారు. ఆడే స్తోమత లేనివాణ్ని ఆపడం కూడా న్యాయంలో భాగమే అని ఆయన నమ్మారు. తన జేబులో ఎప్పుడూ ఆ రోజుకి పోయినా ఫర్వాలేదనుకున్న డబ్బే ఉండేది. గుర్రం కుంటుతూ పరేడ్‌కి వస్తే, దాని మీద టికెట్ ఉన్నా సరే, ముందు పశువైద్యుడికి కబురు పెట్టమని అరిచేవారు.

ఆయన మీ నుంచి కోరింది పెద్దగా ఏమీ లేదు. టికెట్ మీద ధర ఉన్నట్టే కోత శాతం కూడా అచ్చు వేయండి, అది ఎంతైనా సరే. చిల్లర పేరుతో ఏడాదికి ఎంత మిగిలిందో, ఎక్కడికి వెళ్లిందో ఏటా చెప్పండి. బ్లింకర్లు, జాకీ, మోయాల్సిన బరువు, ఏది మారినా అమ్మకాలు ఆపేలోగా పై స్టాండ్‌లో కూర్చున్నవాళ్లకీ, ఇంట్లో ఫోన్ పట్టుకున్నవాళ్లకీ ఒకే సమయానికి తెలియాలి. పూల్‌లో కంప్యూటర్ గ్రూపుల డబ్బు ఎంతో రేసు అయ్యాక అయినా బయటపెట్టండి. స్టీవార్డ్‌లు విచారణ చేస్తే, ఏం తేలిందో కారణంతో సహా రాయండి. ‘వివరణ నమోదు చేశాం’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. మీ కమిటీల్లో ఓనర్లు ఉన్నారు, ట్రైనర్లు ఉన్నారు, బ్రీడర్లు ఉన్నారు. పూల్‌లో డబ్బు వేసేవాడికి ఒక్క కుర్చీ కూడా లేదు. ఆ కుర్చీ తనకి ఇవ్వమని ఆయన ఎన్నడూ అడగలేదు. ‘‘నాకొద్దు, నాకు కోపం ఎక్కువ. నిదానంగా మాట్లాడేవాణ్ని ఎవరినైనా పెట్టండి’’ అని రాశారు.

హాస్పిటల్లో చివరి వారం ఆయనకి మాట సరిగా వచ్చేది కాదు. నేను వెళ్లినప్పుడు చేత్తో రెండు గడులు గీసి చూపించారు. నోట్‌బుక్ తెచ్చావా అని అర్థం. తీసుకెళ్లాను. ఆ శనివారం రేసుల ఆడ్స్ నేను చదువుతుంటే విన్నారు. ఒక రేసులో మొదటి గడికీ రెండో గడికీ తేడా లేదు. ఐదుకి ఒకటి అని కొన్నవాడికి ఐదుకి ఒకటే వచ్చింది. ఇంకోసారి చదవమని వేలు ఆడించారు. చదివాను.

ఇంటికి వెళ్లి బీరువా తీస్తే ఆయన మీకు రాసిన ఉత్తరాల కాపీలు ఒక పెట్టెలో, తేదీల వారీగా సర్ది ఉన్నాయి. మొత్తం నలభై ఒకటి. ప్రతి దాని వెనకా పెన్సిల్‌తో ‘జవాబు:’ అని రాసి, పక్కన ఖాళీ వదిలారు. మూడింటి వెనక మాత్రం తేదీలున్నాయి. ఉత్తరం అందిందని మీరు పంపిన రసీదుల తేదీలవి.

మిగిలిన ముప్పై ఎనిమిదింటికి ఇప్పుడైనా జవాబు రాయండి. కుదరదు అన్నా ఫర్వాలేదు, ఎందుకు కుదరదో రాయండి. నాకు పంపనవసరం లేదు. ఆయన ఇంటి అడ్రసు మీ ఫైళ్లలోనే ఉంది. పెట్టె ఎక్కడుందో వదినగారికి తెలుసు, వచ్చిన తేదీ వేయడానికి పెన్సిల్ కూడా అందులోనే పెట్టాం.

ఇట్లు,
ఆయన పక్క సీటులో కూర్చున్న పంటర్